పడక కింది ట్యాంకు



అమెరికాకు వాయవ్య మూలన ఉన్న సియాటెల్ నగరానికి ఎటు చూసినా నీళ్లే. తూర్పున లేక్ వాషింగ్టన్, ఊరి నడుమ లేక్ యూనియన్, పడమట ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ. సరస్సుల మంచినీళ్లకూ ఆ పాయ ఉప్పునీళ్లకూ మధ్య చిట్టెండెన్ లాకులు ఉన్నాయి. 1917లో తెరిచారు. ధవళేశ్వరం కాలువల్లో లాకులు చూసిన గోదావరి వాళ్లకు ఆ ఏర్పాటు గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. పక్కనే ఉన్న రెడ్మండ్, బెల్‌వ్యూ ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకూ ఆ లాకులు, వాటిలో ఎక్కి దిగే పడవలు బాగా పరిచయమే.

ఆ ఒడ్డున కట్టేసి ఉండే తెరచాప పడవల్లో నలభై ఏళ్లు దాటినవి చాలా కనిపిస్తాయి. ఫైబర్‌గ్లాసుతో పోతపోసిన పడవ ఒళ్లు అంత తొందరగా చెడదు. చెడేదంతా లోపలి సామానే. తెరచాప చిరిగితే కంటికి కనిపిస్తుంది, ఇంజను మొరాయిస్తే చెవికి తెలుస్తుంది. ముందు భాగంలో పడక చెక్కల కింద, ఎవరూ చూడని చోట, మరుగుదొడ్డి ట్యాంకు మాత్రం ఏళ్ల తరబడి తన పని తాను చేసుకుపోతుంది. ఒకనాడు కారడం మొదలుపెడుతుంది. అప్పుడు ఏం చేయాలి, ఎలా మార్చాలి, మార్చిన ట్యాంకు మళ్లీ కారకుండా ఏం చూసుకోవాలి అనేదే ఈ ప్రసంగంలో విషయం.

ముందు ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో చూద్దాం. 30 అడుగుల పడవలో మరుగుదొడ్డి గది ఒక బీరువా అంత ఉంటుంది. పింగాణీ తొట్టి పక్కన ఒక చేతిపంపు. దాన్ని ఆడిస్తే బయటి నీళ్లు తొట్టిలోకి వస్తాయి, తొట్టిలో ఉన్నది 38 మిల్లీమీటర్ల గొట్టంలోంచి ట్యాంకులోకి పోతుంది. ఈ తరహా పడవల్లో ట్యాంకు 20 గాలన్లు ఉండటం మామూలు, అంటే సుమారు 76 లీటర్లు. ఒక్కోసారికి రెండు లీటర్ల నీళ్లు వాడారనుకున్నా, ఇద్దరు మనుషులకి నాలుగు రోజులు కూడా చాలదు. నిండితే అది 76 కిలోల బరువు. అంత బరువు, అదీ అలల మీద అటూ ఇటూ కదిలే బరువు, పడక కింద ఉందన్న సంగతి ట్యాంకు బిగించేటప్పుడు మరిచిపోకూడదు.

ట్యాంకు నిండాక పడవను రేవులోని పంపవుట్ దగ్గరికి తీసుకెళతారు. డెక్కు మీద ఒక మూత ఉంటుంది. అది తీసి, ఒడ్డున ఉన్న యంత్రం గొట్టం పెడితే, లోపలున్నదంతా పీల్చి ఊరి మురుగు కాలువలోకి పంపుతుంది.

ఇదంతా యజమాని ఇష్టాయిష్టాల మీద నడిచే వ్యవహారం కాదు. అమెరికాలో మరుగుదొడ్డి బిగించిన ప్రతి పడవలోనూ, అది మలాన్ని శుద్ధి చేసే యంత్రమైనా, నిల్వ చేసే ట్యాంకైనా, ఏదో ఒకటి ఉండాలన్న నిబంధన 1980 జనవరి 30 నుంచి అన్ని పడవలకూ వర్తించింది. తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల లోపు శుద్ధి చేయనిది వదలడం నేరం. ప్యూజెట్ సౌండ్‌లో నిబంధన ఇంకా గట్టిది. 2018 మే 10 నుంచి అక్కడ శుద్ధి చేసినదైనా సరే మరుగుదొడ్డి నీటిని వదలకూడదు. సుమారు 2,300 చదరపు మైళ్ల నీళ్లు ఆ హద్దులోకి వస్తాయి. లేక్ యూనియన్, లేక్ వాషింగ్టన్ కూడా అందులోనివే. ట్యాంకును దాటించి నేరుగా నీళ్లలోకి వదిలే వాల్వు పడవలో ఉంటే, దాన్ని మూసేసి, పిడి ఊడదీయడమో, తాళం వేయడమో, ఒకసారి బిగిస్తే మళ్లీ ఊడని కట్టుతో కట్టడమో చేయాలి.

ఒక చిన్న పడవ ట్యాంకు ఎంత, ఊరి మురుగు ముందు అదొక లెక్కా అని వాదించేవాళ్లు ఉన్నారు. ఈ వాదన నిలవదు. పడవలు కట్టే రేవు గాలీ అలలూ తగలని మూల. అక్కడి నీరు తొందరగా మారదు. ఒకే చోట వందల పడవలు ఉంటాయి. పైగా వాషింగ్టన్ రాష్ట్రం అమెరికాలో ఆల్చిప్పల పెంపకానికి పెట్టింది పేరు. నీటిని వడకట్టి అందులోని ఆహారాన్ని తినే జీవులవి. నీళ్లలో రోగక్రిములు ఉంటే వాటి ఒంట్లో పోగవుతాయి, తిన్న మనిషికి అంటుతాయి.

అసలు ఈ విషయంలో సియాటెల్ వాళ్ల పట్టుదలకు పాత కారణం ఒకటుంది. 1950లలో లేక్ వాషింగ్టన్ చుట్టూ ఊళ్లు పెరిగాయి. ఆ ఊళ్ల మురుగు, శుద్ధి చేశాకే అయినా, సరస్సులోకే వచ్చేది. 1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే డబ్ల్యు. టి. ఎడ్మండ్‌సన్ బృందానికి ఆ నీళ్లలో ఆసిలటోరియా రుబెసెన్స్ అనే నాచు జాతి కనిపించింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సరస్సు పాడైనప్పుడు అక్కడ కనిపించినదే అది. మురుగులోని భాస్వరం ఆ నాచుకు మేత అని ఎడ్మండ్‌సన్ తేల్చాడు. 1958లో జనం ఓటు వేసి, తమ జేబులోంచి డబ్బు కట్టి, మురుగును సరస్సు నుంచి మళ్లించే సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. 1963లో మళ్లింపు మొదలై 1968లో ముగిసింది. 1964లో 30 అంగుళాల లోతుకు మించి కన్ను ఆనని ఆ నీళ్లు, తర్వాతి పదేళ్లలో ఎన్నో అడుగుల లోతు దాకా తేటపడ్డాయి. నీటి శాస్త్రం చదివే విద్యార్థులకు ఇవాళ్టికీ ఇదొక పాఠం. అలా కష్టపడి బాగుచేసుకున్న నీళ్లలో ఒక్క ట్యాంకు కారినా వాళ్లకి మనసొప్పదు. ఒప్పకపోవడమే న్యాయం.

ఇక కారడం సంగతి.

మొదట తెలిసేది ముక్కుకే. పడవ మూసి ఉంచి వారం తర్వాత తలుపు తీస్తే గుప్పుమంటుంది. అయితే కంపు వచ్చినంత మాత్రాన ట్యాంకు కారుతోందని కాదు. చాలాసార్లు దోషం గొట్టాలది. రబ్బరు గొట్టమైనా ప్లాస్టిక్ గొట్టమైనా, లోపల మురుగు నిలిచి ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ ఆ వాసన గోడలోంచి బయటికి ఊరుతుంది. తేల్చుకోవడానికి పడవల వాళ్లు ఒక తేలిక పరీక్ష చేస్తారు. వేడినీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో గొట్టాన్ని గట్టిగా తుడవాలి. గుడ్డ చల్లారాక వాసన చూడాలి. గుడ్డకు కంపు అంటితే ఆ గొట్టం పని అయిపోయినట్టే. ఇలా ఒక్కో గొట్టాన్నీ విడివిడిగా, ప్రతిసారీ కొత్త గుడ్డతో చూడాలి.

గొట్టాలు బాగున్నాయని తేలితే ట్యాంకు వంతు. దాని అడుగున చెమ్మ ఉంటే అది మురుగో, వాన నీరో, మంచినీళ్ల ట్యాంకు నుంచి వచ్చిందో కంటితో చూసి చెప్పలేం. ఖాళీ చేసి కడిగిన ట్యాంకులో నీళ్లు నింపి, మిఠాయిల్లో వేసే ఆకుపచ్చ రంగు కలుపుతారు. ట్యాంకు చుట్టూ పొడిగా తుడిచి, తెల్ల కాగితాలు పరిచి ఒక రాత్రి వదిలేస్తారు. తెల్లారేసరికి కాగితం మీద ఆకుపచ్చ మరక ఎక్కడ ఉందో చిల్లు ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఆ చిల్లు ఎందుకు పడిందనే దగ్గర ఒక్క క్షణం ఆగాలి. చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే అదే కొలతలతో, అదే లోహంతో కొత్త ట్యాంకు చేయించి పెట్టేస్తారు. కొన్నేళ్లకి మళ్లీ అదే పని.

నలభై ఏళ్లు దాటిన ఆ పడవల్లో అల్యూమినియం ట్యాంకులు చాలానే వేశారు. అల్యూమినియం తేలిక, వెల్డింగ్ చేయించడం సులువు, గాలి తగిలితే పైన సన్నటి పొర కట్టి తనను తాను కాపాడుకుంటుంది. కానీ మూత్రం, సముద్రపు ఉప్పు ఆ పొరను తినేస్తాయి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కింద గాలి ఉండదు కాబట్టి పొర మళ్లీ కట్టదు. ఒక్కచోట మొదలైన గుంట సూదితో గుచ్చినట్టు లోపలికి దిగుతూ పోతుంది. ఇది లోపలి కథ. బయట ట్యాంకు కింద ఉన్న ప్లైవుడ్ చెక్క తడిసి ఆరకపోతే, ఆ చెక్క తగిలిన మేర బయటి నుంచి కూడా లోహం తెల్లటి పిండిలా రాలుతుంది.

స్టీలు అయితే ఏమీ కాదు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. మన ఇళ్లలో స్టీలు బిందెలకు ఏమీ కాదు నిజమే. వాటికి రోజూ గాలి తగులుతుంది, రోజూ తోముతాం. తుప్పు పట్టని స్టీలును కాపాడేది అందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కట్టుకునే పొర. ఆక్సిజన్ అందని మురుగు ట్యాంకులో, ఉప్పు నీటిలో, ముఖ్యంగా వెల్డింగ్ అతుకుల దగ్గర ఆ పొర నిలవదు. అందుకే ఈ పనికి ఏ లోహమూ పనికిరాదని పడవ మరుగుదొడ్ల మీద పుస్తకం రాసిన పెగ్గీ హాల్ లాంటివాళ్లు మొదటి నుంచీ చెబుతున్నారు. లోహపు ట్యాంకుకు మాటు వేయించడం డబ్బు దండగ. మాటు పక్కన లోహం కూడా అప్పటికే పలచబడి ఉంటుంది, కొన్నాళ్లకి చిల్లు అక్కడ పడుతుంది.

మిగిలింది పాలిథిలీన్, అంటే మన మేడల మీద నీళ్ల ట్యాంకులు చేసే ప్లాస్టిక్. అచ్చులో పొడి పోసి, వేడి చేస్తూ తిప్పుతూ అతుకు లేకుండా పోతపోస్తారు. ఉప్పూ మూత్రమూ దాన్ని ఏమీ చేయలేవు. కాకపోతే గోడ మందం చూసుకోవాలి. మురుగుకు వాడే ట్యాంకు గోడ అంగుళంలో మూడెనిమిదో వంతు, అంటే సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉంటే మంచిది. పలచటి ట్యాంకు నిండినప్పుడు ఉబ్బుతుంది, కంపు గోడలోంచి ఊరుతుంది. సంచీలా మడిచి పెట్టుకునే మెత్తటి ట్యాంకులూ దొరుకుతాయి. వంకర మూలల్లో ఇమిడిపోతాయని కొంటారు. పడవ ఊగినప్పుడల్లా అవి చెక్కకు ఒరుసుకుని అరుగుతాయి. వాటి జోలికి పోకపోవడమే నయం.

పాలిథిలీన్‌తో ఒకటే ఇబ్బంది. దానికి ఏ జిగురూ అంటదు. పడవల వాళ్లు అన్నిటికీ వాడే గట్టి సీలెంటు కూడా పట్టదు. ఇంట్లో డ్రిల్లు పెట్టి చిల్లు చేసి పైపు అతికించుకుందాం అంటే కుదరదన్నమాట. గొట్టాలు తగిలించే మూతులు ఎక్కడ కావాలో బొమ్మ గీసి పంపితే, తయారు చేసేవాళ్లే వాటిని రాపిడి వేడితో కరిగించి ట్యాంకులో కలిపేసి ఇస్తారు. ఆ మూతులన్నీ పైభాగంలోనే పెట్టించుకోవాలని గట్టిగా చెప్పాలి. పక్కనో అడుగునో మూతి ఉంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ అవుతుంది నిజమే, కానీ ఆ అతుకు మీద పగలూ రాత్రీ మురుగు బరువు ఉంటుంది. పాత పడవల్లో చాలా లీకులు అలాంటి మూతుల దగ్గర మొదలైనవే.

కొలతల దగ్గర తొందర పడితే పని మొత్తం చెడుతుంది. కర్మాగారంలో పడవ కట్టేటప్పుడు చాలాసార్లు ట్యాంకును ముందు లోపల పెట్టి, ఆ తర్వాత పైన డెక్కు బిగిస్తారు. కాబట్టి లోపలున్న ట్యాంకు తలుపులోంచి బయటికి రాకపోవచ్చు. కొలిచి చేయించిన కొత్తది లోపలికి పట్టకపోవచ్చు. దీనికి అట్టపెట్టె ఉపాయం ఉంది. కావలసిన కొలతలకు అట్టతో ఒక పెట్టె చేసి, మూతులు వచ్చే చోట గొట్టం ముక్కలు అతికిస్తారు. ఆ పెట్టెను మెట్ల తలుపులోంచి దింపి, మరుగుదొడ్డి గది దాటించి, పడక కింద కన్నంలోకి దించి చూస్తారు. ఏ మూల తగిలిందో అక్కడ అట్టను కోసి సరిచేస్తారు. గొట్టాలు వంగడానికి పైన చోటు ఉందా, పానా తిప్పడానికి చెయ్యి పడుతుందా అనేది కూడా అప్పుడే తెలుస్తుంది. నిండిన ట్యాంకు కొంచెం సాగుతుంది కాబట్టి చుట్టూ వేలు పట్టేంత సందు వదలాలి. పెట్టె ఇబ్బంది లేకుండా కూర్చున్నాకే కొత్త ట్యాంకుకు ఆర్డరు ఇవ్వాలి.

పాతదాన్ని తీయడం ఇబ్బందికరమైన పనే, కానీ పద్ధతిగా చేస్తే భరించలేనిది కాదు. ముందు పంపవుట్ దగ్గర ఖాళీ చేయించి, మంచినీళ్లు నింపి, మళ్లీ ఖాళీ చేయించాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే. తర్వాత మరుగుదొడ్డి పంపుతో శుభ్రమైన నీళ్లు పంపి గొట్టాలు కడగాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పైనున్న మూతలన్నీ తెరిచి, ఒక ఫ్యాను పెట్టి గాలి ఆడనివ్వాలి. ఈ మాట అలవాటుగా చెప్పే జాగ్రత్త కాదు. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది, పడవ అడుగున నిలుస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది. కంపు తగ్గిందని మనిషి ధైర్యపడేది సరిగ్గా ప్రమాదం పెరిగినప్పుడే. దానికి తోడు మీథేన్ కూడా ఉండొచ్చు. నిప్పు, సిగరెట్టు దగ్గరికి రాకూడదు. లోహపు ట్యాంకును ముక్కలుగా కోసి తీయాల్సి వస్తే, రవ్వలు లేచే యంత్రం పెట్టే ముందు మరోసారి కడిగి, గాలి బాగా ఆడనిచ్చి తీరాలి.

గొట్టాలు ఊడదీయడం ఒక యుద్ధం. నలభై ఏళ్ల నాటి క్లాంపులు తుప్పు పట్టి మరలు తిరగవు. గొట్టం మూతికి అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని లాగి లాగి మూతిని విరగ్గొట్టుకునే బదులు, చాకుతో గొట్టాన్ని నిలువునా కోసి ఒలిచేయాలి. ఎలాగూ పాత గొట్టాన్ని మళ్లీ వాడకూడదు. ఊడిన ప్రతి చివరకీ వెంటనే ప్లాస్టిక్ సంచీ కట్టి టేపు చుట్టాలి, ఎందుకంటే గొట్టం వంపులో ఇంకా లీటరో అరలీటరో దాగి ఉంటుంది. కోసిన గొట్టం లోపల చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 38 మిల్లీమీటర్ల దారిలో బొటనవేలు పట్టడం కూడా కష్టమయ్యేంత మందాన తెల్లటి రాయి కట్టి ఉంటుంది. సముద్రపు నీటిలోని కాల్షియం మూత్రంతో కలిసి కట్టిన గార అది. అప్పుడప్పుడూ తొట్టిలో వెనిగరు పోసి గొట్టం దాకా పంపుతూ ఉంటే ఇంత పేరుకోదు.

కొత్త గొట్టం మురుగు కోసమే చేసినదై ఉండాలి. చివరను వేడినీళ్లలో కాసేపు ముంచి, గిన్నెలు తోమే సబ్బు కొంచెం రాస్తే మూతి మీదికి ఎక్కుతుంది. ప్రతి అతుకుకీ రెండేసి స్టీలు క్లాంపులు వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, దారిలో గొట్టం ఎక్కడా వేలాడకూడదు. వేలాడిన చోట మురుగు నిలుస్తుంది, నిలిచిన చోట కంపు ఊరుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ట్యాంకు మార్చే చాలామంది తాకకుండా వదిలేసేది గాలి గొట్టం. ట్యాంకు పైనుంచి పడవ పక్క గోడకు పోయి బయట చిన్న కన్నంలా తేలే గొట్టం అది. పాత పడవల్లో దీన్ని 16 మిల్లీమీటర్లే వేసేవారు, అదీ మెలికలు తిప్పి. దానిలోకి ఒకసారి మురుగు చిమ్మి ఎండిపోతే దారి మూసుకుపోతుంది. బయటి కన్నంలో సాలీడు గూడు కట్టినా చాలు. అప్పుడు తొట్టి పంపు కొట్టినప్పుడల్లా ట్యాంకు లోపల ఒత్తిడి పెరిగి అతుకులు పగులుతాయి. పంపవుట్ యంత్రం పీల్చినప్పుడు లోపలికి గాలి రాక, ట్యాంకు గోడలు లోపలికి కుంగుతాయి. పగిలిన ట్యాంకును మార్చి గాలి గొట్టాన్ని అలాగే ఉంచితే, రోగం వదిలి నొప్పికి మాత్ర వేసినట్టు.

గాలి అందడం వల్ల మరో లాభం ఉంది, అది ఇంకా పెద్దది. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు రెండు రకాలు. గాలి ఉన్నచోట బతికేవి పెద్దగా కంపు లేకుండా పని ముగిస్తాయి. గాలి లేనిచోట బతికేవి హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ మీథేన్‌నూ పుట్టిస్తాయి. గాలి గొట్టాన్ని 25 మిల్లీమీటర్లకు పెంచి, పొట్టిగా, మెలిక లేకుండా వేస్తే మొదటి రకానివి నిలదొక్కుకుంటాయి. చోటు ఉంటే ట్యాంకుకు చెరో పక్కనా ఒక్కో గాలి గొట్టం వేయడం ఇంకా మేలు. తయారుచేసే వాళ్లకు బొమ్మ పంపేటప్పుడే దీనికి మూతులు అడగాలి. తర్వాత పెట్టించడం కష్టం. గాలి సరిగ్గా ఆడే ట్యాంకులో ఘాటైన నీలం రంగు మందులు పోయనక్కర్లేదు. వాటిలో కొన్నిట్లో ఉండే ఫార్మాల్డిహైడ్ ఆ మంచి సూక్ష్మజీవులనే చంపుతుంది, ఒడ్డున మురుగు శుద్ధి కేంద్రానికీ చేటు చేస్తుంది.

ఇక్కడ మన రైళ్ల సంగతి గుర్తు చేసుకోవాలి. మన రైలు పెట్టెల కింద బిగించిన బయో టాయిలెట్ ట్యాంకులు డి.ఆర్.డి.ఓ. అభివృద్ధి చేసిన పద్ధతి మీద నడుస్తాయి. వాటిలో పనిచేసేవి గాలి అక్కర్లేని సూక్ష్మజీవులే. అవి మలాన్ని వాయువుగా, నీరుగా మార్చేస్తాయి, ఆ నీరు క్లోరిన్ తగిలాక బయటికి పోతుంది. పడవ ట్యాంకు పద్ధతి దీనికి తలకిందులు. కారణం ఉంది. రైలు ట్యాంకు ఉద్దేశం మలాన్ని అక్కడికక్కడే అరగదీయడం. పెట్టె కింద, ఆరుబయట వేలాడే ట్యాంకు నుంచి వాయువు వచ్చినా గాలిలో కలిసిపోతుంది. పడవ ట్యాంకు ఉద్దేశం ఒడ్డుకు చేరేదాకా దాచడమే. పైగా అది మనిషి నిద్రపోయే పడక కిందే ఉంటుంది.

బిగించడం అయ్యాక వెంటనే పడక చెక్కలు మూసేయకూడదు. ట్యాంకు కింద సమంగా చెక్క పీఠం ఉందా, నాలుగు పక్కలా అడ్డు చెక్కలు ఉన్నాయా, పైన పట్టీలు బిగువుగా ఉన్నాయా చూడాలి. నీళ్లు అంచు దాకా నింపాలి. ప్రతి అతుకు చుట్టూ పొడి టిష్యూ కాగితం ఒక చుట్టు చుట్టాలి. వేలితో తడిమితే తెలియని చెమ్మను కూడా ఆ కాగితం పట్టేస్తుంది, తడిసిన చోట రంగు మారి కనిపిస్తుంది. రాత్రంతా ఉంచి, మర్నాడు పడవను కాసేపు తిప్పి తెచ్చాక మళ్లీ చూడాలి. కట్టేసి ఉన్నప్పుడు పొడిగా ఉన్న అతుకు అల మీద ఊగినప్పుడు కారవచ్చు. అలా కారితే, ప్లాస్టిక్ మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టి చేతితో బిగించి, ఆపైన పానాతో కొంచెం తిప్పితే చాలు. అతిగా బిగిస్తే మూతి పగులుతుంది.

ఇంత కష్టపడి పడవవాడు ట్యాంకు బాగుచేసుకున్నా, ఖాళీ చేసే చోటు లేకపోతే వృథా. అమెరికా ఈ సంగతి కాస్త ఆలస్యంగానే పట్టించుకుంది. 1992లో క్లీన్ వెసెల్ యాక్ట్ అనే చట్టం చేసి, రేవుల్లో పంపవుట్‌లు కట్టడానికి ఖర్చులో నాలుగింట మూడు వంతుల దాకా ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ సొమ్ముతో కట్టిన చోట పడవవాడి దగ్గర, తగిన కారణం చూపకుండా, 5 డాలర్లకు మించి తీసుకోకూడదని అప్పట్లో నిబంధనల్లో రాసింది. గోదావరి మీద గండిపోశమ్మ దగ్గర పడవ ఎక్కి పాపికొండలు చూసి వచ్చే మనవాళ్లకీ ఈ విషయంతో సంబంధం ఉంది. అది రోజంతా సాగే ప్రయాణం, దిగువన రాజమహేంద్రవరం, ఇంకా దిగువన డెల్టా ఊళ్లు ఆ నీళ్ల మీదే బతుకుతున్నాయి. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టంలో నదుల మీద తిరిగే పడవల కాలుష్యం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. పడవలో ట్యాంకు పెట్టమని చెప్పడంతో పాటు, రేవులో దాన్ని ఖాళీ చేసే యంత్రం కూడా ప్రభుత్వమే పెట్టాలి. రెండోది లేకుండా మొదటిది అమలు కాదు. ఈ విషయంలో సియాటెల్ అనుభవం మన రేవులకు నేరుగా పనికొస్తుంది.

కొత్త ట్యాంకు పెట్టాక చేయాల్సిన పని పెద్దగా ఉండదు. పంపవుట్‌కు వెళ్లిన ప్రతిసారీ బయటి నుంచి గాలి గొట్టం కన్నంలోకి మంచినీళ్లు కాసేపు కొట్టాలి. తొట్టి వెనక ఉండే, మురుగు వెనక్కి రాకుండా ఆపే రబ్బరు వాల్వును ఏడాదికోసారి మార్చాలి. ఏటా వేసవి మొదట్లో, పడవ మొదటిసారి బయటికి తీసే ముందు, క్లాంపులు ఒకసారి బిగించి అతుకుల చుట్టూ టిష్యూ కాగితం చుట్టి చూసుకోవాలి. పడక చెక్కలకు మేకులు కొట్టేయకుండా, ఊడదీయడానికి వీలుగా మరలతోనే బిగించుకోవాలి.